పిల్లాడు కుంటితే పోలియోయేనా? తుంటి నొప్పి వెనకున్న చరిత్ర

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఏ ఊళ్లోనైనా యాభై ఏళ్ల మనిషి కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, "చిన్నప్పుడు పోలియో అండీ" అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ప్రతి కుంటి నడకకీ అదే కారణం కాదు. ఈ ఎపిసోడ్‌లో ఆ కథ చూద్దాం.

నూట పాతికేళ్ల క్రితం పిల్లాడు తుంటి నొప్పితో కుంటితే డాక్టర్లు ముందు అనుమానించేది టీబీని. టీబీ ఊపిరితిత్తులకే కాదు, తుంటి కీలుకి కూడా పడుతుంది. మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిందే 1943లో. అప్పటిదాకా మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది టీబీ కోసమే. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె కూడా ఒకటి.

1895లో ఎక్స్‌రే వచ్చింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. టీబీ అనుకున్న కొందరు పిల్లల్లో టీబీయే లేదు! తొడ ఎముక పైన ఉండే గుండ్రటి తలకి రక్తం అందక, అది మెత్తబడి నలిగిపోతోంది. 1909లో స్వీడన్‌లో వాల్డెన్‌స్ట్రోమ్ దీన్ని చూసి కూడా టీబీయే అనుకున్నాడు. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్స్‌లో కాల్వే, జర్మనీలో పెర్తిస్, ఎవరికి వాళ్లు ఇది వేరే జబ్బని చెప్పారు. అదే పెర్తిస్ జబ్బు. ఎక్కువగా 4 నుంచి 8 ఏళ్ల లోపు పిల్లల్లో, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. మన దేశంలో ఉడిపి వైపు తీరంలో ఎక్కువగా కనబడింది.

ఇక పోలియో. "జ్వరానికి సూది వేయించాం, మర్నాటికి కాలు చచ్చుబడింది" అని మన పెద్దవాళ్లు చెప్పడం వినే ఉంటారు. అది వట్టి అపోహ కాదండి. ఒంట్లో పోలియో వైరస్ ఉన్నప్పుడు కండకి సూది వేస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లే తేల్చారు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది.

పోలియో పోయింది, కుంటడం పోలేదు. మరి ఇప్పుడు కారణాలేంటి?

ఎక్కువగా కనిపించేది, జలుబు తగ్గాక తుంటి కీలులో నీరు చేరడం. వారం రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. దాని తర్వాత పెర్తిస్. పదేళ్లు దాటిన, బరువెక్కువున్న పిల్లల్లో ఎముక తల పక్కకి జారడం. అన్నిటికంటే ప్రమాదం, కీలులో చీము పట్టడం.

ఇక్కడే ఇంట్లోవాళ్లు పొరబడతారు. తుంటిలో జబ్బుంటే పిల్లాడు చాలాసార్లు చూపించేది మోకాలిని. "ఆడుకుంటూ పడ్డాడులే" అని మోకాలికి నూనె రాస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. పెర్తిస్‌లో ఆ నెలలే కీలకం. కాబట్టి మోకాలు నొప్పన్నా తుంటిని కూడా చూడమని డాక్టర్‌ని అడగండి. జ్వరం ఉండి, కాలు కింద పెట్టలేకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చీము పడితే గంటల్లోనే కీలు పాడవుతుంది.

ఒకప్పుడు అన్నిటినీ టీబీ అన్నారు, తర్వాత పోలియో అన్నారు. పేరు ముందే పెట్టేసుకుంటే కారణం వెతకడం ఆగిపోతుంది. ఉంటానండి.