గుంటక నుంచి బాక్స్ బ్లేడ్ దాకా: మన రేగడి నేల కథ

చిన్న ట్రాక్టర్ కొన్న రైతులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: బాక్స్ బ్లేడ్ ఏది కొనాలి, ఎట్లా వాడాలి? రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెడితే జవాబు బాగా అర్థమవుతుంది.

థామస్ హాల్కాట్ అని ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఉండేవాడు. సాళ్లలో విత్తనం వేసే సాధనం యూరప్ వాళ్లు కొత్తగా కనిపెట్టిందే అని ఆయన నమ్మకం. తీరా గుంటూరు సర్కారులో, వినుకొండ వైపు చూస్తే, మన రైతులు గొర్రుతో విత్తుతున్నారు. అది తాతల నాటి నుంచీ ఉన్నదే! ఆయన రాసిన ఉత్తరాలు 1797లో లండన్‌లో అచ్చయ్యాయి. ధరంపాల్ గారు 1971లో తెచ్చిన పుస్తకంతో అవి మళ్లీ మన కళ్లముందుకు వచ్చాయి.

ఆ గొర్రుకి తోడు గుంటక. ఒక దుంగ, దాని కింద అడ్డంగా ఇనుప బ్లేడు, ముందు ఒంగోలు ఎడ్ల జత. అది మట్టిని తిరగెయ్యదు. పైపైన రెండు మూడు అంగుళాల లోతులో కోసుకుంటూ పోతుంది. కలుపు వేళ్లు తెగుతాయి, నెర్రెలు పూడతాయి, అడుగున ఉన్న తేమ ఆరిపోదు. లోతు పెంచాలంటే దాని మీద మనిషి నిలబడేవాడు, లేకపోతే రాయి పెట్టేవాళ్లు. అంటే బరువే దానికి సర్దుబాటు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం పొలాలకు కొత్త అవసరం వచ్చింది: చదును. వాన మీద బతికే చేనుకి కాస్త ఎగుడు దిగుడు ఉన్నా సరిపోయేది. కాలువ నీళ్లు పారాలంటే కుదరదు. గుంటక మట్టిని కోస్తుందే గానీ, మెరక నుంచి పల్లానికి మోసుకుపోలేదు. ఆ పనికి ట్రాక్టర్, దాని వెనక బ్లేడు వచ్చాయి.

బాక్స్ బ్లేడ్ అంటే రెండు పక్కల పలకలు, ముందొక బ్లేడు, వెనకొక బ్లేడు, గట్టి నేలను గీరే పళ్లు. కోసిన మట్టి పెట్టెలో నిలిచి, పల్లం రాగానే జారి నింపుతుంది. ట్రాక్టర్‌కి మూడు చోట్ల తగిలిస్తాం కదా, అందులో పైన ఉండే టాప్ లింక్‌లోనే కిటుకంతా ఉంది. దాన్ని పొట్టి చేస్తే ముందు బ్లేడు, పళ్లు కోస్తాయి. పొడుగు చేస్తే వెనక బ్లేడు నునుపు చేస్తుంది.

కొనేటప్పుడు వెడల్పు చూడండి. వెనక టైర్ల బయటి అంచుల కంటే కాస్త ఎక్కువ ఉండాలి, లేకపోతే టైరు గుర్తులు మిగిలిపోతాయి. బరువు కూడా చూడండి. మరీ తేలికైతే ఎండిన రేగడి మీద ఎగిరెగిరి పడుతుంది. మరీ బరువైతే చిన్న ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. తడి రేగడిలో ట్రాక్టర్ దించితే నేల అణిగి గట్టిపడుతుంది, పత్తి వేరు కిందికి దిగదు. ఒకేసారి లోతుగా కోస్తే పైనున్న సారమంతా పల్లంలోకి పోయి, మెరక చౌడులాగా మిగులుతుంది. అందుకే పలచగా, నాలుగైదు సార్లు తోలండి. మిరప చేనుని బల్లలాగా చదును చెయ్యకండి, నీరు పోయేటట్టు సన్నని వాలు ఉంచండి. నీళ్లు నిలిస్తే మిరప వేరు కుళ్లుతుంది. మిర్చి ఆరబెట్టే కల్లానికీ అంతే: గుంటలు లేకుండా, వాన నీరు జారిపోయేటట్టు ఉండాలి. తడిసిన కాయకి బూజు పడితే యార్డులో ధర పోయినట్టే.

ఎడ్ల కాలంలో రైతు అరక కట్టేముందు పిడికెడు మట్టి తీసి నలిపి, పదును చూసేవాడు. అతుక్కుంటే ఆగేవాడు, పొడిపొడిగా రాలితే తోలేవాడు. గుర్రపు బలం ఎంత పెరిగినా, తాళం తిప్పేముందు ఆ పిడికెడు మట్టిని అడగాల్సిందే.