మన బడికి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి తెచ్చింది. అది మన బడి గడప తొక్కేసరికి 2000 సంవత్సరం వచ్చింది. మన సంఘం చందాలు పోగుచేసి ఒక విండోస్ 98 కంప్యూటరు, ఒక మోడెం కొనిచ్చింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. హెడ్మాస్టరు గారి ఫోను తీగనే వరండా పొడుగునా సైన్సు గదిదాకా లాగారు. మోడెం నంబరు కలిపేది, కాసేపు కీచుమని గోల చేసేది, ఆపైన నిశ్శబ్దం. కలిసిందన్నమాట!

అప్పుడు తెర కింద గడియారం పక్కన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ కనిపించేది. దాన్ని రెండుసార్లు నొక్కితే వేగం తెలిసేది. మొదటిరోజు 1,15,200 అని చూసి చప్పట్లు కొట్టాం. లెక్కల మాస్టారు మాత్రం, "పెట్టె మీద 56 వేలని ఉంటే దానికి రెట్టింపు ఎలా వస్తుందిరా?" అన్నారు. అది కంప్యూటరుకీ మోడెంకీ మధ్య వేగమే గాని, ఫోను లైనుది కాదు. మోడెంకి తగిన డ్రైవరు వేశాక అసలు అంకె బయటపడింది: 26,400.

"ఇవి బిట్లు. ఎనిమిదింటికి ఒక బైటు. భాగించండి" అన్నారు మాస్టారు. సెకనుకు 3,300 బైట్లు. పది లక్షల బైట్ల ఫైలు దిగాలంటే అయిదు నిమిషాలు. పైగా వాన పడితే లైను తెగిపోయేది.

మోడెం చెడిందని, కొత్తది కొనాలని పెద్దలు తేల్చారు. ఆ డబ్బు గ్రంథాలయం కోసం దాచింది. మాస్టారు ఒక్కరోజు గడువు అడిగారు. మేం నలుగురం కంప్యూటరును మోసుకెళ్లి, బయటి లైను బడిలోకి వచ్చేచోట తగిలించాం. అదే మోడెం, అదే నంబరు. మూడుసార్లు కలిపితే మూడుసార్లూ 44,000! లోపం మోడెంలో లేదు, బయటి లైనులోనూ లేదు. వరండా తీగను వెతికితే రెండుచోట్ల చేత్తో మెలిపెట్టిన అతుకులు, వాటికి పచ్చగా చిలుము.

అతుకుల్లేని కొత్త తీగ వేశాం. సైన్సు గదిలోనూ 44,000 వచ్చింది. అయిదు నిమిషాల ఫైలు మూడు నిమిషాల్లో దిగింది. దాచిన డబ్బుతో ఆ ఏడాదే పుస్తకాలు వచ్చాయి. మొదటి పుస్తకం అట్టకు కాగితం వేసింది నేనే.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా అంకెలతోనే. ఏ అంకె కనబడినా "ఇది దేని కొలతరా?" అనే మాస్టారి గొంతే ముందు వినిపిస్తుంది.