కరీంనగర్ టు ఆదిలాబాద్: కరోనా గురించి అందరికీ తెలుసు.. మరి మాస్క్ గడ్డం కిందికి ఎందుకు జారింది?

తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న హైదరాబాద్‌లో బయటపడింది. రెండు వారాలు గడిచేసరికి అందరి చూపు కరీంనగర్ మీద పడింది. మార్చి 13న ఢిల్లీలో ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామగుండంలో దిగిన ఇండోనేషియా బృందంలో ఒకరి తర్వాత ఒకరికి పాజిటివ్ వచ్చింది. వాళ్లు తిరిగిన కలెక్టరేట్, ముకరంపుర ప్రాంతాల్లో బారికేడ్లు పెట్టారు. షాపులు మూయించారు. వైద్య బృందాలు ఇంటింటికీ వెళ్లి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగాయి. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. అంటే కరీంనగర్ జనానికి ఆ అనుభవం అంతకంటే ముందే వచ్చేసింది.

ఇలాంటి సమయంలో ఆరోగ్య నిపుణులు జనాన్ని మూడు విషయాలు అడుగుతారు. జబ్బు గురించి ఏం తెలుసు? దాన్ని ఎలా చూస్తున్నారు? నిజంగా ఏం చేస్తున్నారు? వీటినే కేఏపీ సర్వేలు అంటారు. చిక్కు ఏంటంటే, మొదటి దానికి పది మార్కులు వచ్చినా మూడో దానికి రావాలని రూలేం లేదు.

మాస్కే చూడండి. కాలర్ ట్యూన్ విని విని చిన్నపిల్లలకు కూడా జాగ్రత్తలన్నీ నోటికొచ్చేశాయి. అయినా పోలీసులు కనిపిస్తేనే మాస్క్ ముక్కు మీదికి ఎక్కేది. చాలామందికి వైరస్ కంటే వెయ్యి రూపాయల ఫైన్ అంటేనే భయం! పైగా బయటివాళ్ల ముందు మాస్క్ పెట్టుకున్నవాళ్లే చుట్టాలింట్లో, దావత్‌లో తీసేసేవారు. మనోళ్ల దగ్గర రాదులే అన్న ధీమా. నిజానికి దగ్గరగా కూర్చుని, తలుపులు మూసి ఉన్న గదిలో ఎక్కువసేపు మాట్లాడుకునే చోటే వైరస్‌కు పని సులువు.

భయం ఎక్కువైనా నష్టమే. పాజిటివ్ వచ్చిన ఇంటివైపు చూడకపోవడం, కిరాయిదారును ఖాళీ చేయమనడం లాంటివి చూసినవాళ్లు లక్షణాలు ఉన్నా టెస్టుకు పోరు. దాచిన జ్వరం ఇంట్లో ముసలోళ్లకు అంటుకుంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే.

ఆదిలాబాద్ కథ కొంచెం వేరు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. 44వ నంబర్ హైవే మీద రాకపోకలు ఆగవు. ఇక ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో వానాకాలం వస్తే జ్వరాలు ఏటా ఉండేవే. ‘ఇదీ అలాంటి జరమే’ అనుకుంటే తప్పు పట్టలేం. అక్కడ తెలుగు పోస్టర్ ఒక్కటే సరిపోదు. గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి. ఊరి పటేల్ చెబితే వినేవాళ్లు, జీపులో వచ్చిన ఆఫీసర్ చెబితే తలూపి ఊరుకుంటారు.

అందుకే 2021 మేలో సెకండ్ వేవ్ టైంలో చేసిన ఫీవర్ సర్వే పద్ధతి పనికొచ్చింది. ఆశా, ఏఎన్ఎంలే గడప దగ్గరికి వచ్చి లక్షణాలు అడిగి, మందుల కిట్ చేతిలో పెట్టారు. టెస్ట్ రిజల్ట్ కోసం ఎదురుచూసే పని లేదు. వ్యాక్సిన్ విషయంలోనూ అంతే. మొదట్లో కోవిన్ పోర్టల్‌లో స్లాట్ దొరకాలంటే స్మార్ట్‌ఫోన్, సిగ్నల్, కాస్త ఇంగ్లీష్ కావాలి. నేరుగా సెంటర్‌కు వెళ్తే టీకా ఇవ్వడం, ఊళ్లకే టీమ్‌లు రావడం మొదలయ్యాకే లైన్లు కదిలాయి. 2022 జనవరి చివర్లో రెండు డోసులూ 100 శాతం పూర్తి చేసిన తొలి జిల్లాగా రాష్ట్రంలో నిలిచింది కరీంనగరే.