గర్భిణులకు టాక్సోప్లాస్మోసిస్ పరీక్ష: ఫ్రాన్స్ దారి, భారత్ దారి

ఒక వ్యాధికి పరీక్ష ఉంటే దాన్ని అందరికీ చేసేస్తే సరిపోతుంది కదా? ప్రజారోగ్య వ్యాసాల్లో చాలామంది అభ్యర్థులు ఇక్కడే ఆగిపోతారు. టాక్సోప్లాస్మోసిస్ చరిత్ర చదివితే జవాబు అంత తేలిక కాదని మీకే తెలుస్తుంది.

నేపథ్యం చూద్దాం. ఈ పరాన్నజీవిని 1908లో ట్యునీసియాలో నికోల్, మాన్సో గుర్తించారు. గర్భంలోనే తల్లి నుంచి బిడ్డకు సోకుతుందని 1930ల చివర్లో న్యూయార్క్ వైద్యులు నిర్ధారించారు. 1948లో సేబిన్, ఫెల్డ్‌మన్ రక్తపరీక్షను రూపొందించారు. సరిగా ఉడకని మాంసం, పిల్లి మలంతో కలుషితమైన మట్టి, నీరు దీని ప్రధాన మార్గాలు.

ఆస్ట్రియా 1975లో, ఫ్రాన్స్ 1978లో ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. 1992 నుంచి ఫ్రాన్స్‌లో రోగనిరోధకత లేని గర్భిణులకు నెలనెలా పరీక్ష చేస్తున్నారు. కారణం స్పష్టం: 1960లలో అక్కడి గర్భిణుల్లో 80 శాతానికి పైగా అప్పటికే ఈ క్రిమి సోకినవారే. 2010 నాటికి అది దాదాపు 37 శాతానికి తగ్గింది. బ్రిటన్ మాత్రం అందరికీ పరీక్ష అక్కర్లేదంది. నవజాత శిశువులకు పరీక్ష మొదలుపెట్టిన డెన్మార్క్ 2007లో దాన్ని ఆపేసింది.

ఇక మన దేశం. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌లో ప్రతి నెలా 9న గర్భిణులకు హిమోగ్లోబిన్, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ వంటి పరీక్షలు చేస్తారు. టాక్సోప్లాస్మోసిస్ అందులో లేదు. అయినా పదేపదే గర్భస్రావమైన మహిళలకు 'టార్చ్' పరీక్షలు రాయడం మామూలే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఐజీజీ పాజిటివ్ అంటే చాలాసార్లు పాత ఇన్ఫెక్షనే. గర్భానికి చాలా ముందే సోకి ఉంటే సాధారణంగా బిడ్డకు ముప్పు ఉండదు. ఐజీఎం కూడా నెలల తరబడి పాజిటివ్‌గా ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ ఎప్పటిదో తేల్చే అవిడిటీ పరీక్ష, వివరించి చెప్పే వైద్యుడు లేకపోతే ఆమెకు మిగిలేది భయం, అనవసర మందులు, ఇంట్లో నిందలు.

1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన విల్సన్, యుంగ్నర్ సూత్రాలు చెప్పేది ఇదే: వ్యాధి ముఖ్యమైన సమస్య కావాలి, నమ్మదగిన పరీక్ష ఉండాలి, నిర్ధారణకూ చికిత్సకూ వసతులుండాలి, ఖర్చుకు తగ్గ ఫలితం రావాలి.

కాబట్టి మెయిన్స్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే 'ఫ్రాన్స్ చేసింది, మనమూ చేయాలి' అని ముగించకండి. పరీక్ష ఒక గొలుసులో మొదటి కడియం మాత్రమే. మిగతా గొలుసు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉందా అని అడగండి. అది సిద్ధమయ్యేలోపు మాంసం బాగా ఉడికించడం, కూరగాయలు కడగడం, మట్టి ముట్టాక చేతులు కడుక్కోవడం వంటివి ఆశా కార్యకర్త ఈరోజే చెప్పగలదు. మీ జవాబుకు బలమైన ముగింపు అదే.