ఎండతో నడిచిన యంత్రాలు

ఎండను పనికి పెట్టుకొనుట మనకు కొత్త విద్య కాదు. మేడమీద వడియాలు పెట్టిన ఇల్లాలు, సముద్రతీరాన ఉప్పుమళ్ళు కట్టిన కూలీ, కళ్ళంలో ధాన్యం ఆరబోసిన రైతు, ముగ్గురూ ఆ విద్య ఎరిగినవారే. అయితే ఎండచేత చక్రం తిప్పించుట, నీరు తోడించుట వేరు సంగతి. ఇది నిన్న మొన్నటి ఊహ యని పలువురు తలచుచున్నారు. సుమారు నూటయేబది సంవత్సరాలకు పూర్వమే బొంబాయి నగరంలో ఒక ఆవిరియంత్రం పిడికెడు బొగ్గయినా లేకుండ, కేవలం ఎండవేడిమితో నీరు తోడినది. ఆ విద్య అంతలోనే ఎందుకు మరుగున పడినదో తెలిసికొనవలెనన్న ముందు ఫ్రాన్సు దేశానికి పోవలెను.

ఆగస్టిన్ మూషో అక్కడి తూర్ పట్టణంలో గణితోపాధ్యాయుడు. పాశ్చాత్య దేశాలన్నీ రాక్షసిబొగ్గును తవ్వి తగులబెట్టుకొనుచున్న రోజులవి. ఈ గనులు ఏనాటికైనా అడుగంటక తప్పదు గదా, ఆ తరువాత గతి యేమిటని ఇతనికి చింత పట్టుకొన్నది. 1866లో తన మొదటి సౌరయంత్రాన్ని మూడవ నెపోలియన్ చక్రవర్తికి చూపినాడు. 1869లో ఆ విషయంపై గ్రంథం వ్రాసినాడు. 1878లో జరిగిన పారిస్ ప్రదర్శనలో ఇతడు నిలిపిన యంత్రం పెద్ద గొడుగును తెరచి వెల్లకిల పెట్టినట్లుండెడిది. లోపలివైపు తళతళలాడే వెండిపూత, నడుమ నల్లని బాయిలరు. ఆ ఆవిరితో శీతలయంత్రం నడిపి మంచుగడ్డ తయారుచేసి చూపగా జనం నివ్వెరపోయినారు. బంగారు పతకం లభించినది. 1882 ఆగస్టులో ఇతని సహాయకుడు ఆబెల్ పిఫ్ర్ పారిస్ ఉద్యానవనంలో ఎండతో అచ్చుయంత్రాన్నే నడిపి, సూర్యుని పేర ఒక పత్రికను ముద్రించి పంచినాడు.

కాని 1860లోనే ఫ్రాన్సు ఇంగ్లండుతో వర్తకపు ఒడంబడిక చేసికొన్నది. ఇంగ్లీషు బొగ్గు చవకగా దిగుమతి కాజొచ్చినది. రైలుమార్గాలు పెరిగినకొలది అది మూలమూలలకూ చేరినది. సర్కారువారు నియమించిన పరీక్షకులు మూషో యంత్రాన్ని పరిశీలించి, పనిచేయుచున్నది నిజమేగాని ఖర్చు గిట్టదని తేల్చినారు. వారిని తప్పుపట్టుట న్యాయం కాదు. వారి చేతనున్న తూనికరాయి ఆనాటి బొగ్గు ధర. మూషో 1912లో పేదరికంలో కన్నుమూసినాడు.

ఆ తూనికరాయి బొంబాయిలో వేరుగ తూగినది. అక్కడికి బొగ్గు చాలవరకు ఇంగ్లండునుండి ఓడలమీద రావలసియుండెడిది. ఎండకు మాత్రం కరవు లేదు. ఈ మాట అక్కడ చిన్న ఉద్యోగంలో ఉండిన విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయునికి తట్టినది. మూషో పుస్తకం చదివి, ఆ గొడుగు అద్దంలోని చిక్కును ఇతడు పట్టుకొన్నాడు. అంత పెద్ద లోహపు పళ్ళెరాన్ని వంచుట కష్టం, మెరుగు పోకుండ కాపాడుట మరింత కష్టం. దానికి బదులు చిన్న చిన్న చదునుటద్దాలను, అవి కూడ మన యిండ్లలో ముఖం చూచుకొనునట్టి సామాన్యపు గాజుటద్దాలను, ఒక చట్రంలో అర్ధచంద్రాకారంగా బిగించి, వాని వెలుగునంతయు ఒకేచోటికి మరల్చిన చాలునని భావించినాడు. అట్టి అద్దాలు డెబ్బదిరెండు. పొద్దు తిరిగినకొలది చట్రాన్నీ తిప్పుచుండవలెను. వెలుగు కేంద్రీకరించిన చోట కట్టెముక్క నుంచగా అది అంటుకొన్నది. పిమ్మట అక్కడ బాయిలరు నిలిపి, రెండున్నర అశ్వశక్తిగల ఆవిరియంత్రాన్ని తగిలించి, కొలాబాలోని తన ఆవరణలో రెండువారాలపాటు నీళ్ళపంపు నడిపించినాడు. ఇతడే చేసిన ఎండపొయ్యిమీద బొంబాయి జనవరి నెలలో ఏడుగురు సైనికులకు సరిపడు మాంసం, కూరగాయలు రెండుగంటలలో ఉడికినవి. ఉష్ణదేశాలలో వంటచెరకుకు, బొగ్గుకు బదులు ఎండను వాడుకొనవచ్చునని వాదించుచు 1878లో ఇతడు పుస్తకం ప్రకటించినాడు.

ఆడమ్స్ పొయ్యి సైనికుల వంటశాలకే గాని పల్లెటూరి వంటింటికి రాలేదు. అతని పంపు మన రైతు కంటబడలేదు. ఆనాడు ఇక్కడ నీరు తోడినది కపిల ఎద్దు, ఏతంమీది మనిషి. ఏలికలు తమ సౌకర్యానికి కట్టుకొన్న యంత్రాన్ని ఏలికలే విడిచిపెట్టినప్పుడు అడిగే దిక్కు ఉండదు. అయినను ఊహ చెడలేదు. నూరేండ్ల పిమ్మట 1982లో కాలిఫోర్నియా ఎడారిలో గోపురంమీద బాయిలరు నుంచి, చుట్టూ 1,818 అద్దాలు పేర్చి విద్యుత్తు తీసినపుడు అందలి కిటుకు ఆడమ్స్ కనిపెట్టినదే.

ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద ప్రయత్నం ఈజిప్టులో జరిగినది. అమెరికాలోని ఫిలడెల్ఫియావాసి ఫ్రాంక్ షూమన్ తీగెలు పొదిగిన గాజుపలకను కనిపెట్టి ధనమార్జించినవాడు, వ్యాపారం తెలిసినవాడు. బొగ్గు పిరముగా నుండి, ఎండ మెండుగా నుండి, నీటికి గిరాకి గల చోటు ఏదని వెదకి కైరోకు దక్షిణాన నైలునది చెంతనున్న మఆది గ్రామాన్ని ఎంచుకొన్నాడు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సి. వి. బాయ్స్ సలహాపై అద్దాలను పొడవైన దోనెల ఆకారంలో అమర్చినారు. ఒక్కొక్కటి రెండువందల అడుగులకు మించిన అట్టి దోనెలు అయిదు. దోనె నడుమగా బాయిలరు గొట్టం. మొదట పెట్టిన తుత్తునాగపు బాయిలర్లు ఈజిప్టు ఎండకు మెత్తబడి జారిపోయినవి. ఎండ చాలదేమోనని శంకించినవారికి ఇంతకంటె సమాధానం ఏమి కావలెను? తరువాత పోత ఇనుముతో చేసినారు. 1913 వేసవిలో, అక్కడ బ్రిటిషువారి ప్రతినిధిగ అధికారం నెరపుచుండిన కిచెనర్ ప్రభువు మొదలగువారు చూచుచుండగా, యంత్రం నిమిషానికి ఆరువేల గాలన్ల నీటిని పొలాలకు ఎత్తిపోసినది. రాత్రిపూట నడుచుటకై పగటి వేడినీటిని నిలువచేయు తొట్టి కూడ ఏర్పరచినారు. కిచెనర్ మెచ్చి సూడానులో 30,000 ఎకరాల ప్రత్తితోటకు ఇట్టి యంత్రాలు కావలెనన్నాడు. జర్మను పార్లమెంటు తమ ఆఫ్రికా వలసల కొరకు రెండులక్షల మార్కులు మంజూరు చేసినది.

మరుసటి ఏడు మహాయుద్ధం వచ్చినది. ఇంజనీర్లు తలకొక దిక్కు పోయినారు. మఆది యంత్రాన్ని విప్పివేసినారు, దాని లోహం యుద్ధానికి పోయినది. షూమన్ 1918లో మరణించినాడు. అటు 1908లో పారశీకంలో నేలనూనె బయల్పడినది. 1914లో బ్రిటిషు ప్రభుత్వం ఆ నూనె సంఘంలో పెద్దవాటా కొన్నది. ఓడలకు, మోటార్లకు చవకనూనె దొరికిన పిమ్మట ఎండవైపు చూచినవారెవరు?

1973లో అరబ్బు దేశాలు నూనె బిగించినపుడు లోకం ఉలిక్కిపడి పాత కాగితాలు తీసినది. 1984కును 1990కిని మధ్య కాలిఫోర్నియాలో షూమన్ దోనెలవంటివానితోనే 354 మెగావాట్ల కేంద్రాలు వెలసినవి. నూనె, గ్యాసుల ధరలు మరల పడిపోగా వానిని కట్టిన సంస్థ 1991లో దివాలా తీసినది. మూషో కథకు ఇది మరొక ప్రతి.

ఆ నడుమ వేరొక మార్గం తెరచుకొన్నది. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు బాయిలరు, ఆవిరి లేకుండ ఎండనుండి నేరుగా విద్యుత్తు నిచ్చు సిలికాన్ ఘటాన్ని చూపినారు. పడిన వెలుగులో నూటికి ఆరుపాళ్ళు విద్యుత్తుగా మారినది. ఉపగ్రహాలకు తప్ప అన్యులకు అందని ధర అప్పుడు. దశాబ్దాలు గడచినకొలది ధర దిగివచ్చి, 2010లో భారత ప్రభుత్వం జాతీయ సౌరపథకం ప్రారంభించినది.

ఆ వెలుగు పడిన చోట్లలో అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల మెట్టభూములు ఒకటి. సుమారు ఆరువేల ఎకరాలలో వెయ్యి మెగావాట్ల సౌరక్షేత్రం 2017లో పూర్తియై, ఒకేచోట నున్నవానిలో లోకానికంతటికి పెద్దదనిపించుకొన్నది. 2015లో ఈ క్షేత్రంలోని విద్యుత్తుకు యూనిట్టు రూ. 4.63 చొప్పున పాట పాడినపుడు అంత తక్కువా అని ఆశ్చర్యపడినారు. 2017 ఏప్రిల్‌లో కడప క్షేత్రానికి రూ. 3.15, మరుసటి నెలలో రాజస్థానంలోని భడ్లాకు రూ. 2.44 పలికినది. మూషోను ఓడించిన తూనికరాయి ఇప్పుడు ఎండవైపు మొగ్గినది. ఆరువేల ఎకరాల మెట్టలో లోగడ పశువులు మేపుకొన్నవారి పద్దు ఏ ఖాతాలో వ్రాయవలెనో మాత్రం ఆ ధరలు చెప్పవు.

ధర దిగుట కూడ ఒక తగవుకు దారితీసినది. ముందు వ్రాసికొన్న ఒప్పందాల ధర ఎక్కువగా నున్నదని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తగ్గింపుకు పూనుకొన్నది. కొన్నవారికి అది భారం, పెట్టుబడి పెట్టినవారికి వ్రాతమూలకపు హక్కు. వ్యవహారం హైకోర్టుకెక్కి, ఒప్పందపు ధరలే చెల్లించవలెనని 2022 మార్చిలో తీర్పు వచ్చినది.

ఇంత జరిగినను 2024లో సైతం మన దేశపు విద్యుత్తులో నాలుగింట మూడువంతులకు దగ్గరగా బొగ్గునుండియే వచ్చినది. అందుకు ఒక కారణం షూమన్ ఎరిగినదే, పొద్దుగ్రుంకిన పిమ్మట ఏమి చేయవలెనన్నది. ఆతని వేడినీటి తొట్టికి సాటియైనది ఆ కర్నూలు సీమలోనే పిన్నాపురం వద్ద తలపెట్టినారు. 1,680 మెగావాట్ల ఆ పథకానికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. పగలు మిగిలిన విద్యుత్తుతో నీటిని గుట్టమీది జలాశయానికి ఎక్కించి, చీకటిపడిన తరువాత క్రిందికి వదలి చక్రాలు త్రిప్పుట ఆ ఏర్పాటు.