ఎందుకూ పనికిరాని తరంగాలు

1921 డిసెంబరు. స్కాట్లాండు పడమటి తీరంలో ఆర్డ్రోసన్ అనే ఊరు. సముద్రం పక్క పొలంలో ఒక గుడారం. బయట ఈదురుగాలి, వాన. లోపల పాల్ గాడ్లీ అనే అమెరికా ఆసామి చలికి వణుకుతూ, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. పొలం మీదుగా స్తంభాల మీద పొడవాటి తీగ ఒకటి లాగించాడు. రాత్రంతా అతను చేసే పని ఒక్కటే, వినడం. అట్లాంటిక్ అవతల ఉన్న తన దోస్తులు ఇళ్లలో కూర్చుని కొట్టే టకటకలు ఇక్కడ వినబడతాయో లేదో తేల్చడానికి వాళ్లే చందాలేసుకుని అతన్ని ఓడెక్కించారు.

ఈ తంటా ఎందుకొచ్చిందో తెలియాలంటే తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి. మార్కొనీ పుణ్యమా అని వైర్‌లెస్ పిచ్చి అప్పటికే ఇంటింటికీ పాకింది. అటకల మీద, పెరటి కొట్టాల్లో కుర్రాళ్లు తీగలు చుట్టి, సొంతంగా సెట్లు కట్టుకుని పొద్దుపోయాక కబుర్లలో పడేవాళ్లు. ఏమిటా కబుర్లు? నా సంకేతం ఎంత గట్టిగా వస్తోంది, నీ కాయిలుకు ఎన్ని చుట్లు చుట్టావు, మీ ఊళ్లో వాన పడిందా. అంతకు మించి ఏమీ లేదు. ఈ గోలలో మా ఓడల కబురు వినబడటం లేదని నౌకాదళం గగ్గోలు పెట్టింది. 1912లో టైటానిక్ మునిగాక అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఈ సరదారాయుళ్లంతా 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలకు పరిమితం కావాలంది. తరంగం ఎంత పొడుగైతే అంత దూరం పోతుందని అప్పటి పండితుల నమ్మకం. పొట్టి తరంగాలు ఊరి పొలిమేర కూడా దాటవనుకున్నారు. అన్నదమ్ముల పంపకాల్లో అమాయకుడికి చవుడు నేల అంటగట్టినట్టే అయింది.

ఆ చవుడు నేలను మనవాళ్లు దున్నడం మానలేదు. 1921 ఫిబ్రవరిలో అమెరికా హామ్‌లు, అంటే ఈ సరదారాయుళ్లే, వంతులు వేసుకుని సంకేతాలు పంపారు. ఇంగ్లండులో చెవులు రిక్కించి విన్నారు. ఒక్క చుక్కా వినబడలేదు. లోపం పంపడంలో ఉందా, వినడంలో ఉందా? తేల్చడానికే గాడ్లీ ప్రయాణం.

డిసెంబరు 12 తెల్లవారుజామున కనెక్టికట్ రాష్ట్రం గ్రీనిచ్ నుంచి ఒక సందేశం పూర్తిగా, స్పష్టంగా ఆ గుడారంలోకి దిగింది. మార్కొనీ చెవికి అట్లాంటిక్ అవతలి నుంచి మూడు చుక్కలు వినబడింది కూడా అదే తేదీన, సరిగ్గా 20 ఏళ్ల కింద. గ్రీనిచ్‌లో ఆ స్టేషను కట్టిన ఆరుగురిలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. గాడ్లీ వెంట ఉన్న రిసీవరుదీ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన పద్ధతే, సూపర్ హెటిరోడైన్. మన తాతల కాలం వాల్వు రేడియోల నుంచి జేబు ట్రాన్సిస్టర్ల దాకా లోపల నడిచింది ఆ కిటుకే. కొన్నేళ్ల తర్వాత మన చెవులకు ఎఫ్ఎం నాణ్యత రుచి చూపించిందీ ఈ మహానుభావుడే.

వినడం అయింది, మరి జవాబు చెప్పడం? దానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నుంచి లియోన్ డెలోయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ తరంగాన్ని ఇంకా పొట్టిగా, 100 మీటర్ల దగ్గరకు దించి ప్రయత్నించారు. తగ్గించిన కొద్దీ మాట పలచబడాలి కదా? అది గట్టిపడింది. ఇద్దరూ తాపీగా ముచ్చటించుకున్నారు. మరుసటి ఏడు అక్టోబరు 18న న్యూజిలాండులో గొర్రెల పెంపకందారు ఫ్రాంక్ బెల్, లండనులో బడిపిల్లవాడు సెసిల్ గోయ్డర్ భూగోళం ఈ కొస నుంచి ఆ కొసకు మాట కలిపారు. గొర్రెల రైతూ, బడిపిల్లవాడూ! కోట్లు పోసి ఆకాశాన్నంటే స్తంభాలు కట్టిన కంపెనీలు నోరు వెళ్లబెట్టాయి.

కారణం ఆ డిసెంబరులో ఎడ్వర్డ్ యాపిల్టన్ ప్రయోగంతో తేలింది. భూమికి చాలా ఎత్తున విద్యుదావేశం నిండిన పొర ఒకటి ఉందని 1902లోనే హెవిసైడ్, కెన్నెలీ ఊహించారు. పొట్టి తరంగం పైకెళ్లి ఆ పొరను తాకి కిందికి వంగుతుంది, నేలను తాకి మళ్లీ లేస్తుంది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులేస్తుందే, అలాగన్నమాట. యాపిల్టన్‌కు 1947లో నోబెల్ వచ్చింది. చవుడు నేల కింద బంగారం ఉందని తెలిశాక పెద్ద కంపెనీలు అటే పరుగెత్తాయి. దాన్ని తవ్విన హామ్‌లకు మాత్రం అందులోనే సన్నటి గట్లు కొన్ని మిగిలాయి.

మన దేశంలో 1921లోనే అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ ఈ సరదాకు నాంది పలికారు. మన హైదరాబాదులో 1983లో సూరి అనే హామ్ చొరవతో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పుట్టింది. అక్కణ్నుంచే మన కథ అండమాన్‌కు మళ్లుతుంది.

ప్రపంచంలోని హామ్‌లకు ఒక తీరని దాహం ఉంటుంది, వీలైనన్ని దేశాలతో, దీవులతో మాట కలపాలని. కలిపినందుకు గుర్తుగా పోస్టుకార్డంత కార్డు మార్చుకుంటారు. ఆ జాబితాలో అండమాన్ నికోబార్‌ది ప్రత్యేక స్థానం. అక్కడి స్టేషన్లను గుర్తించే పిలుపు గుర్తు వీయూ4తో మొదలవుతుంది. అయితే రక్షణపరంగా సున్నితమైన చోటు కాబట్టి అక్కడ హామ్ రేడియోకు అనుమతి దొరకడం గగనంగా ఉండేది. 1987లో కొన్నాళ్లు ఒక జట్టు అక్కణ్నుంచి మాట్లాడింది. ఆ జట్టులో భారతీ ప్రసాద్ అనే హామ్ ఉన్నారు. ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్లీ అనుమతి కోసం ఆమె అర్జీల మీద అర్జీలు పెట్టారు, కార్యాలయాల గుమ్మాలు తొక్కారు. 17 ఏళ్లు! గాడ్లీ గుడారంలో గడిపింది కొద్ది రాత్రులే. నన్నడిగితే అసలైన సాహసం ఈ అర్జీలదే.

2004 డిసెంబరు 3న పోర్ట్‌బ్లెయిర్‌లో, సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో ఆ హైదరాబాదు సంస్థ తరఫున ఆమె జట్టు సెట్టు విప్పింది. పిలుపు గుర్తు వీయూ4ఆర్‌బీఐ. అలాంటి సెట్టు ముందు కూర్చుంటే మొదట వినబడేది బాతుల గోల. మీట సన్నగా, వెంట్రుకవాసి తిప్పితే ఆ బాతు కూత మెల్లగా మనిషి గొంతవుతుంది. ఆ క్షణం కోసమే ఈ పిచ్చంతా. అవతల వేల గొంతులు ఒకేసారి పిలుస్తుంటే ఒక్కొక్కరినీ ఏరుకుని పిలుపు గుర్తు, సంకేత బలం, 'సెవెంటీత్రీ' అనే వీడ్కోలు చెప్పి లాగ్‌బుక్కులో ఒక వరుస రాస్తారు. మనిషికి కొన్ని సెకన్లే. మూడు వారాల్లో అలా దాదాపు 35,000 పలకరింపులు.

డిసెంబరు 26, ఆదివారం, ఉదయం 6 గంటల 29 నిమిషాలు. సుమత్రా దగ్గర సముద్రం కింద 9.1 తీవ్రతతో భూమి చీలింది. సెట్టు ముందు ఉన్న భారతి గారు మాట్లాడుతుండగానే గది ఊగిపోయింది. అదురుతోందని మైకులో అరిచి బయటికి పరుగెత్తారు. ఆ తర్వాత సునామీ. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరం ధ్వంసమైంది. దేశానికి దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. పోర్ట్‌బ్లెయిర్‌లో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి.

ఇలాంటి సెట్టుకు 12 వోల్టుల కారు బ్యాటరీ సరిపోతుంది. 20 మీటర్ల బ్యాండులో మాట్లాడాలంటే గట్టిగా 10 మీటర్ల రాగితీగ చాలు, చెట్టుకో కిటికీకో కట్టుకోవచ్చు. టవర్లు, కేబుళ్లు, ఎక్స్ఛేంజీలు ఏవీ మధ్యలో లేవు. ఉన్నది ఆ కప్పగంతుల పొర ఒక్కటే, దానికి భూకంపం తగలదు. భారతి గారు మళ్లీ సెట్టు ముందు కూర్చుని ప్రధాన భూభాగంలోని హామ్‌లకు కబురందించారు. సెట్టును జిల్లా అధికారి కార్యాలయానికి మార్చారు. జట్టులో కొందరు కార్ నికోబార్ వెళ్లి ఇంకో స్టేషను పెట్టారు. ఆపదలో ఉన్నవాడి ఫ్రీక్వెన్సీ దగ్గర మిగతావాళ్లు నోరు మెదపకూడదన్నది హామ్‌ల తొలి పాఠం. నిన్నటిదాకా సంకేత బలం రాసుకున్న కాగితాల మీద ఇప్పుడు మనుషుల పేర్లు, ఊళ్లు, క్షేమమా కాదా అన్న వివరాలు.

అండమాన్ నికోబార్ జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, వందకు 13 మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. వాళ్ల సొంతూళ్లలో ఆ వారం ఎన్ని ఇళ్లలో పొయ్యి రాజలేదో ఊహించుకోండి. అలాంటప్పుడు రేడియోలో వచ్చే 'క్షేమం' అన్న ఒక్క మాట విలువ ఎంతో వేరే చెప్పాలా?

ఆ జట్టు చేసిన పని ప్రభుత్వం కళ్లు తెరిపించింది. 2006 ఏప్రిల్లో పోర్ట్‌బ్లెయిర్‌లోనే హామ్‌ల మేళా జరిగింది. విదేశాల నుంచి వచ్చినవాళ్లకూ దీవుల నుంచి మాట్లాడే అవకాశం ఇచ్చారు. కొన్నాళ్లకు లక్షద్వీప్‌లోనూ తలుపులు తెరుచుకున్నాయి.

మీ ఇంట్లో సర్క్యూట్లు విప్పి పాడుచేసే పిల్లలుంటే తిట్టకండి. హామ్ రేడియో లైసెన్సు పరీక్షకు 12 ఏళ్లు నిండితే చాలు. మొదటి మెట్టు పరీక్షలో ఆ టకటకల భాష, మోర్స్ కోడ్ కూడా అడగరు.