మధ్యమగ్రహం నుండి స్ఫుటగ్రహానికి

సమవేగంతో వృత్తమార్గంలో తిరిగే వస్తువు ఒకానొక క్షణంలో ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్న పూర్వ జ్యోతిర్విదులకు గణితవినోదం కాదు. ఏకాదశి ఏనాడన్న నిర్ణయం దీనినుండే మొదలవుతుంది.

క్రీ.శ. 499ను కాలాంకంగా పేర్కొన్న ఆర్యభటీయం దీనిని త్రైరాశికంతో సాధించింది. మహాయుగానికి సావనదినాలు 157,79,17,500. అందులో రవిభగణాలు 43,20,000, చంద్రభగణాలు 5,77,53,336. కల్యాది నుండి గడచిన దినసంఖ్య అహర్గణం. దానిని భగణాలతో గుణించి సావనదినాలతో భాగించి, పూర్ణభ్రమణాలను విడిచిపెడితే మిగిలిన శేషమే మధ్యమగ్రహం. అహర్గణంలో ఒక్క దినం తప్పినా చంద్రుడు 13 అంశలకు పైగా తొలగిపోతాడు. కల్యాది శుక్రవారం గనుక, అహర్గణాన్ని 7తో భాగించి వారంతో సరిచూసుకోవడం గణకుల ఆచారం.

'మధ్యమ' అన్న పేరులోనే ఒక నిజాయితీ ఉంది. ఆకాశంలో కనిపించే గ్రహం సమవేగంతో నడవదని ఆ పేరు పెట్టినవారికి తెలుసు.

ఆ భేదాన్ని కొలవడానికి చాపం చాలదు, జ్య కావాలి. ఇక్కడే ఆర్యభటుని ప్రజ్ఞ విశేషంగా వెల్లడవుతుంది. పరిధిని 21,600 కళలుగా తీసుకుంటే వ్యాసార్ధం అవే కళలలో 3,438 అవుతుంది. చాపానికీ సరళరేఖకూ ఒకే కొలమానం! అందుచేత 225 కళల చాపానికి జ్య కూడా 225గానే వస్తుంది. 30 అంశల చాపానికి జ్య వ్యాసార్ధంలో సరిగా సగం, 1,719. జ్య, కోటిజ్య రెండూ తెలిస్తే వృత్తంపై బిందువు ఎక్కడ ఉన్నదీ పూర్తిగా తేలుతుంది.

ఇక మందసంస్కారం. ప్రధానవృత్తంపై సమగతితో నడిచే బిందువు చుట్టూ మరొక చిన్న వృత్తాన్ని కల్పించారు. రవికి దాని పరిధి పదమూడున్నర అంశలు, చంద్రునికి ముప్పది ఒకటిన్నర. భుజజ్యను ఆ పరిధితో గుణించి 360తో భాగిస్తే ఫలం లభిస్తుంది: రవికి గరిష్ఠంగా 129 కళలు, చంద్రునికి సుమారు 301. రెండూ వ్యతిరేకదిశలలో ఉన్ననాడు సూర్యచంద్రుల అంతరంలో 430 కళల భేదం ఏర్పడుతుంది. తిథి ప్రమాణమే 720 కళలు. మధ్యమతిథితోనే ఆగిపోయినవాడు దశమీవేధ గల దినాన్ని శుద్ధ ఏకాదశిగా భ్రమించి ఉపవసించవచ్చు.